వదినతో కినబాలు కొండకి

కినబాలు కొండ ఎక్కడానికి అనుమతి దొరకడమే పెద్ద పని. పైన ఉన్న విశ్రాంతి గృహంలో పడకలు తక్కువ, ఎక్కాలనుకునేవాళ్ళు ఎక్కువ. నేనూ మా ఆయనా చాలా నెలల ముందే ఇద్దరికీ చోటు సంపాదించుకున్నాం. తీరా బయల్దేరాల్సిన వారం దగ్గర పడ్డాక, ఆయన ఆఫీసు స్నేహితులతో ఫుట్‌సాల్ ఆడుతూ కాలు మెలికపెట్టుకున్నాడు. చీలమండ బూరెలా పొంగింది. డాక్టరు కట్టు కట్టి, ఇప్పట్లో కొండల మాట తలపెట్టొద్దన్నాడు.

ఆ సాయంత్రం, కౌలాలంపూర్‌కి దగ్గర్లోని బంటింగ్‌లో, మా ఇంటి హాల్లో కూర్చుని, అన్నీ వదులుకోవడమా, నేనొక్కదాన్నే వెళ్ళడమా అని మాట్లాడుకుంటున్నాం. ఆయన బదులు ఇంకొకరిని తీసుకురావచ్చని ఏర్పాట్లు చేసినవాళ్ళు చెప్పారు. కానీ ఇంత తొందరలో ఎవరొస్తారు? నా స్నేహితురాళ్ళని అడిగితే తలా ఒక సాకు చెప్పారు. వంటగదిలో మా వదిన, అంటే మా ఆయనకి అక్క, తమ్ముడి కాలికి కాపడం పెట్టడానికి ఉప్పు వేయిస్తోంది. మూకుడు దించి, గుమ్మంలోకి వచ్చి నిలబడి, "నానొస్తాను" అంది.

"ఎక్కడికి?" అన్నాడు మా ఆయన.

"ఆ కొండకే. కాలు నీకు మడతడినాది గానీ నాకు కాదు గదా."

ఇద్దరం నవ్వేశాం. ఆవిడ నవ్వలేదు. మళ్ళీ లోపలికి వెళ్ళి ఉప్పు గుడ్డలో మూటకట్టుకుని వచ్చి, తమ్ముడి కాలి దగ్గర కూర్చుంది.

వదిన గురించి కొంచెం చెప్పాలి. నేను విజయనగరంలో పుట్టి పెరిగి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి కౌలాలంపూర్ వచ్చి, ఇక్కడే పుట్టిన తెలుగువాడిని పెళ్ళి చేసుకున్నదాన్ని. వదిన బంటింగ్ బయట ఒక రబ్బరు ఎస్టేటు కూలీల లైను ఇంట్లో పుట్టింది. ఆవిడ ముత్తాతలు శ్రీకాకుళం వైపు నుంచి కూలికి వచ్చినవాళ్ళు. ఎస్టేటు పోయి ఆయిల్ పామ్ వచ్చింది, ఆయిల్ పామ్ పోయి ఫ్యాక్టరీలు వచ్చాయి. ఆవిడ చేతి తొడుగుల ఫ్యాక్టరీలో నిలబడి నిలబడి రిటైరైంది. అరవైకి దగ్గర పడుతోంది. కిందటేడు అన్నయ్య, అంటే ఆవిడ భర్త, గుండెపోటుతో పోయాడు. పిల్లలు పెద్దవాళ్ళై ఎవరి ఊళ్ళల్లో వాళ్ళున్నారు, అప్పటినుంచి ఆవిడ మా ఇంట్లోనే ఉంటోంది.

ఒకే కప్పు కింద ఉంటున్నా మా ఇద్దరి మధ్యా మాటలు తక్కువే. కోపాలేం లేవు. ఆవిడకి నేను 'ఇండియా పిల్ల'ని. నా తెలుగు విని "సినిమా తెలుగు మాట్లాడతాది" అని నవ్వేది. ఆవిడ తెలుగు వింటే నాకు మా అమ్మమ్మ గుర్తొచ్చేది. మా బడిలో టీచర్లు కొట్టి మాన్పించిన మాటలన్నీ సముద్రం దాటి ఇక్కడ భద్రంగా ఉన్నాయి. ఆ సంగతి ఆవిడకి చెప్పాలని చాలాసార్లు అనుకుని, ఎలా మొదలుపెట్టాలో తెలియక ఊరుకున్నాను. ఆవిడ రోజంతా కిటికీ పక్క కుర్చీలో కూర్చునేది. ఎదురుగా టీవీలో తమిళ సీరియల్ నడుస్తూ ఉండేది గానీ చూసేది కాదు. మధ్యాహ్నం అన్నం పెడితే తినేది, పెట్టకపోతే అడిగేది కాదు.

అందుకే ఆవిడ నోట "నానొస్తాను" అన్న మాట విని మా ఆయన ఆ రాత్రంతా దాన్ని గురించే మాట్లాడాడు. "అక్క తనంతట తాను ఏదైనా అడిగి ఎన్నాళ్ళయిందో! కొండ ఎక్కినా ఎక్కకపోయినా తీసుకెళ్ళు" అన్నాడు. నాకు మాత్రం భయంగానే ఉంది. క్లినిక్‌కి తీసుకెళ్ళి పరీక్షలు చేయించాను. బీపీ, షుగరు, గుండె, అన్నీ నాకంటే బాగున్నాయి. డాక్టరమ్మ ఆశ్చర్యపోతే వదిన, "మా ఫ్లాటు నాలుగో అంతస్తు, లిఫ్టు లేదు. కూరలూ గ్యాసు బండా అన్నీ మెట్ల మీదే మోసినాను" అని మలయ్‌లో చెప్పింది.

కోటా కినబాలు విమానాశ్రయంలో దిగగానే ఇమిగ్రేషన్ కౌంటరు ఉంటుంది. సముద్రం అవతలి దీవిలో ఉన్న ఈ సబా రాష్ట్రానికి వచ్చే పశ్చిమ మలేషియావాళ్ళు కూడా అక్కడ గుర్తింపు కార్డు చూపించి చీటీ తీసుకోవాలి. "మా దేశంలో మాకే చీటీయా లా!" అని వదిన ఆ అధికారితో వాదన పెట్టుకోబోయింది. ఆయన నవ్వి, చీటీ ఆవిడ చేతిలో పెట్టి, "బోలే బా, సరే, వెళ్ళిరండి ఆంటీ" అన్నాడు. మా వైపు మాట చివర 'లా' అన్నట్టు సబాలో 'బా' అంటారు. ఆవిడకది భలే నచ్చింది. వ్యాన్ ఎక్కినప్పటినుంచీ "సూద్దాం బా", "తిందాం బా" అంటూనే ఉంది. అన్నేళ్ళ ఫ్యాక్టరీ ఉద్యోగంలో ఆవిడ విమానం ఎక్కడం అదే మొదటిసారని నాకు అప్పుడే తెలిసింది.

కొండ దారిలో ఘాట్ రోడ్డు మలుపులు తిరుగుతుంటే చల్లగాలి మొదలైంది. కుందసాంగ్ దగ్గర రోడ్డు పక్క క్యాబేజీలూ ఆకుకూరలూ పోగులు పోసి అమ్ముతున్నారు. వదిన వ్యాన్ ఆపించి, ఒక్కో కట్టా ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. కొని ఏం చేస్తావని అడిగితే, "కొనడానికి కాదు, వాసనకి" అంది. సరిగ్గా అప్పుడే మబ్బు పక్కకి జరిగి కొండ మొత్తం బయటపడింది. నల్లటి రాయి, పైన కోరపళ్ళలాంటి శిఖరాలు. ఆవిడ చేతిలో ఆకుకూర కట్ట అలాగే ఉండిపోయింది.

"అదేనా?" అంది.

"అదే."

"ఓలమ్మో! నాను ఏదో బత్తు కేవ్స్ మురుగన్ గుడి మెట్లనుకున్నాను."

వెనక్కి వెళ్దామా అని అడిగాను. ఆవిడ ఆకుకూర కట్ట జాగ్రత్తగా పోగు మీద పెట్టేసి వ్యాన్ ఎక్కింది.

మొదటి రోజు కొండ కింది అడవిలోనే బస. మర్నాడు పొద్దున్నే బైనాక్యులర్స్ మెడలో వేసుకుని నేను బయల్దేరితే వదిన కూడా వచ్చింది. నాకు పక్షుల పిచ్చి ఈ దేశం వచ్చాకే పట్టింది. కౌలాలంపూర్‌లో ఒంటరిగా ఉన్న రోజుల్లో, ఆదివారాలు గడవక, ఫ్లాటు బాల్కనీలో వాలే పిట్టల్ని చూస్తూ మొదలుపెట్టాను. నా పిచ్చి సంగతి వదినకి తెలుసు గానీ ఎప్పుడూ అడగలేదు. ఆ పొద్దున పొగమంచు కొమ్మల మధ్య పాకుతోంది. పాచి పట్టిన మానుల నిండా ఫెర్నులూ ఆర్కిడ్లూ. గుంపుగా బూడిదరంగు పిట్టలు కొమ్మ మీంచి కొమ్మకి దూకుతూ ఈలలు వేస్తున్నాయి. తలలు ఇటుకరంగు, కళ్ళ చుట్టూ పసుపు. బైనాక్యులర్స్ తీసి వదిన మెడలో వేసి, చక్రం తిప్పడం చూపించాను. కాసేపు ఆకులే చూసింది. తర్వాత ఒక్కసారి ఊపిరి బిగబట్టింది.

"ఓలబ్బో, ఈ పిట్ట కళ్ళజోడెట్టుకున్నాదే!"

దాని పేరేంటని అడిగింది. ఇంగ్లీషు పేరు చెప్పాను. నోరు తిరగక వదిలేసి, తెలుగులో ఏమంటారని అడిగింది. ఈ పిట్ట ఈ దీవిలోనే ఉంటుంది కాబట్టి తెలుగులో పేరు లేదన్నాను.

"నేకపోతే నేదు. మనమెట్టేద్దాం. కళ్ళజోడు పిట్ట."

ఆ పొద్దున మేం చూసిన ప్రతిదానికీ ఆవిడ పేరు పెట్టింది. పొడుగు తోక వేలాడేసుకుని కొమ్మ మీద కూర్చున్న కాకి జాతి పక్షి 'జడగంటల కాకి' అయింది. చెట్టు మాను మీద తలకిందులుగా నడిచే చిన్న నీలిపిట్ట 'ఏలాడీ పిట్ట' అయింది. నేను ఏళ్ళ తరబడి చూడాలనుకున్న ఎర్రరొమ్ము ట్రోగన్ పిట్ట మాత్రం కనిపించలేదు. వాగు పక్కన చాలాసేపు కదలకుండా నిలబడినా రాలేదు. నేను నిరాశపడ్డానని చూసి వదిన, "దానికి మనమొచ్చినట్టు తెల్దు" అని నా భుజం తట్టింది. మా పెళ్ళయ్యాక ఆవిడ నన్ను ముట్టుకుని మాట్లాడటం నాకు గుర్తున్నంతలో అదే మొదలు.

ఆ మర్నాడు ఎక్కడం మొదలుపెట్టాం. గైడ్ లేకుండా ఎక్కనివ్వరు. మాకొచ్చిన గైడ్ దుసున్ జాతి స్త్రీ, ఆ కొండ కింది లోయలోనే ఆవిడ ఊరు. నాకంటే కొంచెం చిన్నది. పొట్టిగా, గట్టిగా, రబ్బరు బూట్లతో మేకలా నడిచేది. నా మలయ్ ఆఫీసు మలయ్. వదినా ఆవిడా మాత్రం మొదటి మలుపు దాటేసరికే పిల్లల చదువులూ, మిరపకాయల ధరలూ మాట్లాడుకుంటూ ముందు నడుస్తున్నారు. నేను వెనక రొప్పుతూ పిట్టల్ని వెతుకుతున్నాను.

దారంతా మెట్లే. చెక్క మెట్లు, రాతి మెట్లు, చెట్ల వేళ్ళే మెట్లయిన చోట్లు. మధ్యాహ్నం కాకుండానే వాన పట్టుకుంది. రెయిన్‌కోట్లు వేసుకుని నడుస్తుంటే గైడ్ ఉన్నట్టుండి ఆగి చెయ్యి అడ్డం పెట్టింది. కాలిబాట మీద నీళ్ళు పారుతున్న చోట నీలంగా మెరిసే వానపాము ఒకటి, నా మోచేతి నుంచి వేళ్ళ కొసదాకా పొడవు ఉంటుంది, మెలికలు తిరుగుతోంది. దాని ఒక కొసని ఎర్రటి జలగ ఒకటి నోట కరుచుకుని ఉంది. కుంకుమ రంగు. అంత పెద్ద జలగ ఉంటుందని పుస్తకాల్లో చదివాను గానీ, చూస్తాననుకోలేదు. వాన బాగా పడితే తప్ప బయటికి రాదట. నాకు ఒళ్ళు జలదరించి వెనక్కి అడుగేశాను.

వదిన మాత్రం అక్కడే గొంతుక్కూర్చుంది. "ఇది మన కాలు పట్టదా?" అని గైడ్‌ని అడిగింది. ఇది రక్తం తాగదు, వానపాముల్నే మింగుతుందని గైడ్ చెప్పింది.

"అయితే మంచిదే. మా ఎస్టేట్లో జలగలు పొద్దున్న లేస్తే కాళ్ళకే. మాయమ్మ సున్నం డబ్బా ఒళ్ళో ఎట్టుకుని, మమ్మల్ని వరసగా కూకోబెట్టి ఒకొక్కటీ తీసేది." జలగ మెల్లగా, ఆపకుండా, వానపాముని లోపలికి లాక్కుంటోంది. వదిన కళ్ళార్పకుండా చూసింది. "సూడే, మీ గోరెంగ్ నూడుల్స్ పీల్సినట్టు పీలుస్తన్నాది!"

ఆ మాటతో గైడ్ నవ్వు ఆపుకోలేకపోయింది. నూడుల్స్ తినేవాళ్ళని చూస్తే నాకిప్పటికీ ఆ జలగే గుర్తొస్తుంది. వాన కారుతున్న రెయిన్‌కోట్లలో మేం ముగ్గురం అలా చాలాసేపు ఉండిపోయాం. వెనక నుంచి వచ్చిన కుర్రకారు గుంపు ఫొటోలు తీసుకుని దాటిపోయింది. జలగ పని పూర్తయి, లావెక్కిన ఒంటితో నాచు కిందకి జారుకున్నాక గానీ వదిన లేవలేదు.

పైకి వెళ్ళేకొద్దీ చెట్లు పొట్టివైపోయాయి. మాను మెలికలు తిరిగి, గడ్డాల్లా నాచు వేలాడుతోంది. ఒక పందిరి కింద ఆగి బిస్కెట్లు తింటుంటే కొండ ఉడుత ఒకటి కాళ్ళ దగ్గరికే వచ్చేసింది. దానికి తిండి పెట్టొద్దని గైడ్ చెప్పింది. పై భాగంలో గట్టిగా అరవొద్దని కూడా చెప్పింది. "మా పెద్దవాళ్ళు పోయాక ఈ కొండ మీదే ఉంటారు. విశ్రాంతిగా ఉన్నవాళ్ళని లేపకూడదు కదా" అంది మామూలు గొంతుతో, పక్కింట్లో ఎవరో నిద్రపోతున్నట్టు.  వదిన తన చేతిలో బిస్కెట్ ముక్క ఉడుతకి కనపడకుండా జేబులో వేసుకుంది.

విశ్రాంతి గృహం ఇంకా కొంత దూరం ఉందనగా నాకు తల బద్దలవడం మొదలైంది. ఎత్తు పడలేదు. తీరా పైకి చేరి వేడి సూప్ నోట్లో పెట్టుకోగానే వాంతి అయిపోయింది. నెలల తరబడి పరుగులు తీసి, మెట్లెక్కి సిద్ధమైనదాన్ని నేను. కిటికీ పక్కన కుర్చీలో కూర్చున్న మనిషి వదిన. ఇప్పుడు నేను మంచం మీద ముడుచుకుని పడుకుంటే ఆవిడ చకచకా తిరుగుతూ వేడినీళ్ళు తెచ్చింది, అల్లం ముక్క నమలమంది, నా మేజోళ్ళు విప్పి పాదాలకి యూకలిప్టస్ నూనె రాసింది. గైడ్ వచ్చి నన్ను చూసి, రేపు శిఖరానికి వద్దంది. ఇక్కడే పడుకుంటే తగ్గుతుంది, పైకెళ్తే ముదురుతుంది, తగ్గకపోతే పొద్దున్నే కిందికి దింపేస్తానంది.

నాకు ఏడుపొచ్చింది. వదిన నా పాదాలు ఒళ్ళో పెట్టుకుని రాస్తూనే ఉంది.

"నానూ ఎల్లను. నిన్నొదిలి ఎలా ఎల్తాను?" అంది.

"మీరు వెళ్ళండి వదినా. నాకేం కాదు. ఇక్కడ మనుషులున్నారు. ఇద్దరం ఆగిపోతే ఏం లాభం?"

ఆవిడ ఇంకొంచెం నూనె చేతిలో పోసుకుంది. తర్వాత తలెత్తకుండానే చెప్పింది. "మీ అన్నయ్య పోయినాక అందరూ కూకోమన్నారు. వంట సేస్తానంటే కూకో అన్నారు. బజారుకెళ్తానంటే కూకో అన్నారు. ప్రేమతోనే అన్నారులే. నువ్వూ అన్నావు. కూకున్నాను. కూకుంటే కూకోడమే అలవాటైపోయినాది. నాకు కాళ్ళున్నాయని ఇయ్యాల ఈ మెట్ల మీదే గేపకమొచ్చినాది."

నేను లేచి కూర్చుని ఆవిడ చెయ్యి పట్టుకున్నాను.  "మీ మాట వింటుంటే మా అమ్మమ్మ గుర్తొస్తుంది" అన్నాను, ఆ సందర్భానికి ఏ సంబంధం లేకుండా. "గేపకం అనేది మా అమ్మమ్మే. మళ్ళీ ఎవరి నోటా వినలేదు."

"మరి ఇన్నాళ్ళూ సెప్పలేదేటి?" అంది ఆశ్చర్యంగా. తను మాట్లాడినప్పుడల్లా తన భాష మోటుగా ఉందని నేను అనుకుంటున్నాననుకునేదట. అందుకే నాతో మాటలు తగ్గించుకుందట. ఆ సంగతి విని ఇద్దరం బిత్తరపోయి ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. తర్వాత నా తలనొప్పి సగం తగ్గినట్టనిపించింది. నూనె పనిచేసిందేమో కూడా.

శిఖరానికి వెళ్ళేవాళ్ళు తెల్లవారకముందే బయల్దేరతారు. వదిన వెళ్ళిన అలికిడి కూడా నాకు తెలియలేదు. నేను లేచేసరికి గదిలో వెలుతురుంది. తల తేలిగ్గా ఉంది. శాలువా కప్పుకుని బయట వరండాలోకి వచ్చాను. కింద మబ్బులు చదునుగా, ఇస్త్రీ చేసిన పంచెలా పరుచుకుని ఉన్నాయి. పైన బోడి రాయి ఎండలో మెరుస్తోంది. దాని మీద ఎక్కడో మా వదిన ఉంది.

మెట్ల పక్క పొదల్లో ఎర్రటి పూల మీద ముదురు ఆకుపచ్చ పిట్టలు గుంపుగా వాలాయి. కంటి చుట్టూ నల్లటి మచ్చ. మనిషంటే లెక్కే లేదు వాటికి. రాత్రి వెళ్తానని వదిన ఒప్పుకోగానే బైనాక్యులర్స్ ఆవిడకి ఇచ్చేశాను కాబట్టి నా దగ్గర కళ్ళు తప్ప ఏమీ లేవు. అవసరమూ రాలేదు. ఒక పిట్ట నేను చెయ్యి చాస్తే అందేంత దూరంలో పువ్వులో ముక్కు దూర్చి తేనె తాగి, పుప్పొడి అంటిన ముఖంతో తలెత్తి నన్ను చూసింది. అది అంత ఎత్తున చలిలో పుట్టి పెరిగిన పిట్ట. కిందికి దింపితే బతకదేమో. నాకు ఈ ఎత్తు పడలేదు, దానికి ఇదే ఇల్లు. శిఖరం ఎక్కలేకపోయానన్న బాధ అక్కడ కూర్చుని ఉండగానే, నాకు తెలియకుండానే సన్నబడిపోయింది.

వదిన దిగి వచ్చేసరికి ఎండ బాగా ఎక్కింది. దూరం నుంచే గుర్తుపట్టాను. తాడు పట్టుకుని, గైడ్ వెనకాల, ఒక్కో అడుగూ చూసి వేస్తోంది. బుగ్గలు కంది ఎర్రబడ్డాయి. దగ్గరికొచ్చి నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసి, తర్వాత మెట్ల మీద కూలబడింది.

"ఎక్కారా?"

"ఎక్కినాను. ఆ సివర బోర్డు కాడ ఫొటో తీసినాది ఈ పిల్ల." గైడ్ వైపు చూపించింది. "పొద్దు పొడిసినప్పుడు సముద్రం కనబడినాది. మనం దిగిన ఊరు కనబడినాది. ఒక పిట్టని గూడా సూసినాను. నల్లగున్నాది, పొట్ట ఇటికె రంగు. అంత సల్లటి రాయి మీద గెంతుతన్నాది, దాని ఈధిలో అది తిరిగినట్టు."

ఆ పిట్టని చూడాలని నేనూ ఎంతో ఆశపడ్డాను. అసూయ కలగకపోలేదు. ఆవిడ బైనాక్యులర్స్ తీసి నా మెడలో వేసి, కాస్త గొంతు తగ్గించి చెప్పింది.

"పైన ఈ పిల్లని ఒక మాట అడిగినాను. మీ పెద్దోళ్ళు ఇక్కడుంటారన్నావు గదా, మా ఇంటాయన బంటింగోడు, తెలుగోడు, మరి ఆయన గూడా ఇక్కడికి రావచ్చునా అని."

"ఏమంది?"

"రావచ్చు బా, సలి ఎక్కువ, జాకెట్టు తెచ్చుకోమని సెప్పండి, అన్నాది."

చెప్తూ చెప్తూ నవ్వింది. నవ్వుతుంటే కళ్ళ వెంట నీళ్ళు కారాయి. తుడుచుకోలేదు. గైడ్ తన ఫ్లాస్కులోంచి టీ పోసి మా ఇద్దరికీ ఇచ్చింది. అన్నయ్య పోయినప్పుడు కూడా వదిన అందరి ముందూ ఏడవలేదు. వచ్చినవాళ్ళకి టీలు ఇస్తూ తిరిగింది. ఆ పొద్దున మాత్రం ఎవరో పోసిచ్చిన టీ తాగుతూ, తీరిగ్గా, ఎండలో కూర్చుని ఏడ్చింది. నేను పక్కన ఆనుకుని కూర్చున్నాను.

దిగేటప్పుడు వంతులు మారాయి. కిందికి వచ్చేకొద్దీ నేను కోలుకున్నాను, వదిన మోకాళ్ళు మొరాయించాయి. కింది బసకి చేరాక ఆవిడ మెట్లు వెనక్కి తిరిగి దిగుతుంటే చూసి వంటవాళ్ళు కూడా నవ్వారు. మర్నాడంతా కదలనంది. కానీ గైడ్ వచ్చి, తమ ఊరివాళ్ళు కాపాడుతున్న ఒక కొండవాలు ఉందని, అక్కడ పెద్ద కోతి కుండలు ఉన్నాయని చెప్పేసరికి, పొడుగాటి కర్ర ఒకటి సంపాదించి తయారైంది. పురుగుల్ని పట్టి తినే కూజా మొక్కల్ని ఇక్కడ మలయ్‌లో కోతి కుండలంటారు.

ఆ వాలు మీద గడ్డిలో కూజాలు నేలకి ఆనుకుని ఉన్నాయి. ఒక్కోటి చిన్న బిందెంత. లోపల ఎరుపు, బయట మాసిన ఊదా, పైన వంగి ఉన్న మూత. మమ్మల్ని దూరంగా కూర్చోబెట్టి, కదలొద్దని చెప్పింది గైడ్. చాలాసేపు ఏమీ జరగలేదు. తర్వాత పొదలోంచి ఉడుతలాంటి జంతువు ఒకటి తొంగిచూసింది. మూతి మాత్రం చుంచెలుకలా పొడుగు. అటూ ఇటూ చూసి గెంతుకుంటూ వచ్చి, కూజా అంచు మీద రెండు కాళ్ళూ చెరోవైపు వేసి ఎక్కి, మూత లోపలి వైపు నాకడం మొదలుపెట్టింది. మూతకి తియ్యటి రసం ఊరుతుందట. దాని వెనక భాగం సరిగ్గా కూజా నోటి మీదకి వచ్చింది. నాకుతూ నాకుతూనే అది లోపలికి విసర్జించి, మళ్ళీ తీరిగ్గా నాకింది. ఆ మొక్కకి కావలసింది ఆ ఎరువే.

వదిన చీర కొంగులా శాలువా నోట్లో కుక్కుకుంది. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. ఆ జంతువు పని ముగించుకుని పొదలోకి పోయిన తర్వాత గట్టిగా ఊపిరి తీసుకుని, "తినీకాడే దొడ్డికెల్తన్నాదే! మా ఫ్యాక్టరీలో ఇలాగ సేస్తే పన్లోంచి తీసేద్దురు!" అంది. ఆ ముక్క మలయ్‌లోకి మార్చి చెబితే గైడ్ గడ్డిలో పడి నవ్వింది. నా ఇన్నేళ్ళ పక్షుల పిచ్చిలో, అడవుల తిరుగుడులో అంతకంటే విచిత్రమైనదాన్ని నేను చూడలేదు. చూసినా ఇంత హాయిగా నవ్వలేదు.

ఇంటికి వచ్చాక వదిన ఒళ్ళు నొప్పులకి కొన్నాళ్ళు పడుకుంది. నేనూ మా ఆయనా మళ్ళీ పాత రోజులు వస్తాయేమోనని ఒకరినొకరు చూసుకున్నాం. నొప్పులు తగ్గిన ఆదివారం పొద్దున నేను లేచేసరికి ఆవిడ బూట్లు వేసుకుని వరండాలో నిలబడి ఉంది. బంటింగ్‌కి దగ్గర్లోనే జుగ్రా కొండ ఉంది. పెద్దదేం కాదు, కారు కూడా పైదాకా వెళ్తుంది. "నడిసి ఎక్కుదాం" అంది.

అప్పటినుంచి ఆదివారాలు మాకు జుగ్రాయే. పైనుంచి చూస్తే లంగత్ నది వంపులూ, అవతల సముద్రమూ కనిపిస్తాయి. వలస కాలంలో డేగలు గుంపులుగా సుడి తిరుగుతూ దాటుతాయి. మొదట మేమిద్దరమే. తర్వాత వదిన పాత ఫ్లాట్ల నుంచి ఇద్దరు స్నేహితురాళ్ళు తోడయ్యారు, ఒకరు తమిళం, ఒకరు మలయ్. వాళ్ళు సగం దూరంలో బెంచీ మీద కూర్చుని కొబ్బరిపాలతో వండిన నాసి లెమాక్ అన్నం పొట్లాలు విప్పుకుంటారు. వదిన బైనాక్యులర్స్ ఎవరికీ ఇవ్వదు, అడిగితే మాత్రం చూపిస్తుంది. నిజానికి అవి ఇప్పుడు ఆవిడవే. నేను వేరేవి కొనుక్కున్నాను.

మొన్న బడి సెలవుల గురించి అడిగింది. నాకు పిల్లల్లేరు, ఆవిడ పిల్లలు పెద్దవాళ్ళు. సెలవులతో మాకేం పని అన్నాను. రద్దీ తక్కువ ఉండే రోజులు చూసుకోవాలని, వచ్చే నెల కామెరాన్ కొండలకి గది దొరుకుతుందేమో చూడమని చెప్పింది. ఇపో మీదుగా వెళ్తే అక్కడ చిన్నప్పటి స్నేహితురాలు ఒకామె ఉందట, ఆమెని కూడా లాక్కెళ్దామంది. "అది గూడా ఈ మధ్య ఊరికే కూకుంటన్నాది" అంటూ ఫోను తీసి నంబరు వెతకడం మొదలుపెట్టింది. నేను గదుల కోసం చూస్తూ కూర్చున్నాను. పక్కన వదిన ఫోనులో, "బూట్లు కొనుక్కో, మిగతాది నాను సూసుకుంటాను" అని గట్టిగా చెప్తోంది.